భయమును వెలకు కొనుట

అమెరికా దేశములో అక్టోబరు 31వ తేదీ సాయంకాలమున ఏ వీధిని నడచినను ఇండ్ల ముంగిట గుమ్మడికాయలు కనబడును. వాటి గుజ్జు తీసివేసి, కన్నులు, ముక్కు, కోరపండ్లు చెక్కి, లోపల దీపము పెట్టుదురు. పిల్లలు దయ్యముల వేషములు, అస్థిపంజరముల వేషములు వేసికొని ఇంటింటికి వెళ్లి మిఠాయిలు అడిగి తెచ్చుకొందురు. వారు నిద్రించిన పిమ్మట పెద్దలు దీపములు ఆర్పి, భయము పుట్టించు సినిమాలు పెట్టుకొని చూతురు. ఏ రాత్రి ఏది చూడవలెనో కొందరు నెలనాళ్ల ముందే ఏర్పరచుకొందురు. ఈ పండుగ పేరు హాలోవీన్.

ఎక్కడి పండుగనో మన పత్రికలో చర్చింపనేల అని చదువరులు అడుగవచ్చును. మన సంఘములలోని అనేక కుటుంబముల బిడ్డలు చదువులకును ఉద్యోగములకును ఆ దేశమునకు వెళ్లియున్నారు. గుమ్మడికాయ ప్రక్కన నిలిచిన మనుమని ఫోటో ఆ రాత్రియే మన పల్లెలోని తాతగారి ఫోనులోనికి వచ్చుచున్నది. ఆ సినిమాలును తెలుగు మాటలు తొడుగుకొని అదే ఫోనులోనికి వచ్చుచున్నవి. అయితే ఒక భేదము కలదు. మన ఊళ్లలో క్రొత్త యింటి గుమ్మమునకు బూడిద గుమ్మడికాయ కట్టువారు దిష్టికి నిజముగా భయపడి కట్టుదురు. అక్కడివారు గుమ్మడికాయకు కోరపండ్లు చెక్కుట నవ్వుకొనుటకు. ఈ భేదమును చదువరులు మనస్సున ఉంచుకొనవలెనని కోరుచున్నాను. దీనితో ముందు పని యున్నది.

విశ్వాసి ఇట్టి సినిమాలు చూడవచ్చునా? చూచినయెడల ఏవి ఏర్పరచుకొనవలెను? మన పెద్దలు సాధారణముగా చెప్పు జవాబు ఒకటే: అవి అన్నియు సాతానువి, ముట్టవద్దు. యౌవనస్థుల జవాబును ఒకటే: అవి బొమ్మలే గదా, చూచినంత మాత్రమున ఏమగును? ఈ రెండు జవాబులలో దేనితోను నాకు తృప్తి లేదు. పెద్దలు తెరను చూచి జడియుచున్నారు, చిన్నవారు తెరను చూచి నవ్వుచున్నారు. తెర ఆరిపోయిన తరువాత చూచినవాని కన్నులకు ఏమి జరిగినదని ఇరువురును అడుగుట లేదు.

మత్తయి సువార్త 14వ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడు. రాత్రి నాలుగవ జాము. దోనె అలలలో కొట్టుకొనుచున్నది. నీళ్లమీద ఎవరో నడచి వచ్చుట చూచి శిష్యులు భూతమనుకొని కేకలు వేసిరి. వచ్చుచున్నవాడు వారి ప్రభువే. భయము చేయు పని ఇట్టిది. లేనిదానిని చూపుట దాని చిన్న అపరాధము. ఎదుట ఉన్నవానిని మరియొకనిగా చూపుట దాని పెద్ద అపరాధము. రక్షింపవచ్చిన ప్రభువునే దయ్యముగా చూపగలిగిన భయము, పొరుగింటి ముసలమ్మను ఎట్లు చూపునో ఆలోచింపుడు. కాబట్టి భయపు సినిమా ఎంత జడిపించునని నేను లెక్కింపను. దానిని చూచి లేచిన తరువాత నేను ఎవరిని దయ్యముగా చూతును అనునదే నా ప్రశ్న.

ఈ పండుగ పుట్టుకను క్లుప్తముగా చెప్పుదును. హాలో అనగా పరిశుద్ధుడు. మిగిలిన ముక్క సాయంకాలమను మాటనుండి వచ్చినది. నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగ. దాని ముందటి సాయంకాలము ఇది. ఎనిమిదవ శతాబ్దములో మూడవ గ్రెగొరీ అను పోపు రోమాలో సకల పరిశుద్ధుల పేరిట ఒక ప్రార్థనాస్థలమును ప్రతిష్ఠించెను. ఐర్లండువారికి అంతకుముందే ఆ దినములలో కోతకాలము ముగిసి చలికాలము మొదలగు పండుగ యుండెను. రెండును కలిసిపోయినవి. 1845లో మొదలైన గొప్ప కరవువలన ఐర్లండు ప్రజలు లక్షలాదిగా అమెరికాకు వలసపోయి ఈ ఆచారమును వెంట తీసికొనిపోయిరి. స్వదేశములో వారు టర్నిప్ దుంపలలో దీపము పెట్టుచుండిరి; అక్కడ గుమ్మడికాయ దొరికినది. ఇదంతయు మంచి చెడ్డల ప్రశ్నకు జవాబు కాదు. ఒక ఆచారము ఎక్కడ పుట్టినదో తెలిసినంతమాత్రమున అది నేడు ఏమి చేయుచున్నదో తెలియదు.

అయితే అదే తేదీన జరిగిన మరియొక సంగతిని ప్రొటెస్టంటు సంఘములవారు మరువరాదు. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథరు తన 95 వాదములను మేయిన్జు ఆర్చిబిషప్పునకు పంపెను. విట్టెన్‌బర్గు కోటలోని దేవాలయపు తలుపునకును కొట్టెనని చెప్పుదురు. ఆ దేవాలయము పేరు సకల పరిశుద్ధుల దేవాలయము. మరునాడు పండుగ, అచ్చట కూర్చి యుంచిన పరిశుద్ధుల అవశేషములను చూచుటకు జనులు గుంపులుగా వచ్చెదరు. లూథరు వాదములు దేనిని గూర్చినవి? టెట్జెల్ అను సన్యాసి ఊరూర తిరిగి పాపక్షమాపణ పత్రములు అమ్ముచుండెను. చనిపోయిన తలిదండ్రులు అగ్నిలో వేగుచున్నారని చెప్పి, బీదరైతు చేతిలోని నాణెమును పెట్టెలో వేయించుచుండెను. అది భయపు వ్యాపారము. చచ్చినవారిని గూర్చిన భయమును తూచి అమ్ముట. హాలోవీన్ రాత్రి దేవుని సేవకుడొకడు ఎదిరించినది ఈ అంగడిని. కావున భయమును సొమ్ము చేసికొనుటను గూర్చి ఆ తేదీన మాటలాడుట మనకు క్రొత్త కాదు. ఆ అంగడి మొట్టమొదట తెరువబడినది సినిమా హాలులో కాదు, దేవాలయపు నీడలోనని మాత్రము తగ్గించుకొని ఒప్పుకొనవలెను.

నేటి అంగడి సంగతికి వత్తము. 1931లో యూనివర్సల్ అను హాలీవుడ్ కంపెనీ ఒకే సంవత్సరములో 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' అను రెండు చిత్రములు విడుదల చేసెను. దేశమంతట పనులు లేక జనులు అల్లాడుచున్న కాలమది. అయినను టిక్కెట్లు అమ్ముడుపోయెను. 1978లో జాన్ కార్పెంటర్ అను దర్శకుడు ఈ పండుగ పేరే పెట్టి 'హాలోవీన్' అను చిత్రము తీసెను. మూడు లక్షల డాలర్లకు కొంచెము పైగా ఖర్చుపెట్టగా, అమెరికాలోనే నాలుగు కోట్ల డాలర్లకు మించి వచ్చెను. గొప్ప నటులు అక్కరలేదు, పెద్ద సెట్టింగులు అక్కరలేదు. చీకటి, సంగీతము, ఒక కత్తి చాలును. న్యాయముగా చెప్పవలెనంటే ఆ చిత్రములో నెత్తురు తక్కువ. దానిని అనుకరించినవారు మాత్రము కసాయి కొట్టు తెరచిరి. అట్టివాటిని గూర్చి ఎక్కువ వ్రాయను. మనుష్యదేహము దేవుని ఆలయమని నమ్మినవాడు ఆ దేహమును ముక్కలు చేయుటను పలహారము తినుచు చూడనేల?

మనుష్యుడు భయమును ఎందుకు కొనును? గుండె వేగముగా కొట్టుకొనును, చేతులు చల్లబడును, అయినను తనకు అపాయము లేదని లోపల తెలియును. ఆ రెండును కలిసినప్పుడు ఒక సంతోషము పుట్టును. అమ్మమ్మ ఒడిలో కూర్చుండి రాకాసి కథ వినిన పిల్ల ఎరుగును దానిని. అందులో పాపమేమియు నాకు కనబడదు. కథలో భయపడి ఒడిలో ధైర్యము తెచ్చుకొనుట పిల్లలు నేర్చుకొను పాఠములలో ఒకటి.

కాని భక్తుడైన అగస్టీను దీనినే మరికొంత లోతుగా త్రవ్వెను. తన జీవితమును దేవునియెదుట చెప్పుకొనిన గ్రంథములో అతడు యౌవనమున నాటకశాలకు వెళ్లుట తలంచుకొని, తనకు రాకూడదని కోరుకొను దుఃఖమును నరుడు ఇతరులలో చూచి ఆనందించుట ఏమి వింత అని అడుగును. అక్కడ ప్రేక్షకుడు కన్నీరు కార్చును గాని లేచి సహాయము చేయ నక్కరలేదు. అతని స్నేహితుడు అలీపియు సంగతి ఇంకను గంభీరమైనది. రోమా పట్టణములో మనుష్యులు ఒకరినొకరు చంపుకొను పోటీలకు అలీపియును స్నేహితులు ఈడ్చుకొనిపోయిరి. దేహము అక్కడ ఉండినను మనస్సు ఉండదని అతడు కన్నులు మూసికొని కూర్చుండెను. జనుల కేక విని ఒక్కసారి కన్నులు తెరచెను, ఇక మూయలేకపోయెను. తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకొని వచ్చువాడాయెను. అక్కడ పారినది నిజమైన నెత్తురు, సినిమాలో కారునది రంగునీళ్లు. ఈ భేదము చిన్నది కాదు. అయినను, ఇది నన్నేమియు చేయదు అని నమ్మి కూర్చుండువారికి అలీపియు కథ మంచి మందు. అతడే తరువాత మనస్సు త్రిప్పుకొని, 387లో అగస్టీనుతో కూడ మిలాను పట్టణమున బాప్తిస్మము పొంది, బిషప్పు ఆయెను.

ఇప్పుడు ఏర్పాటు సంగతి. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రమును తీసికొనుడు. శవముల అవయవములు కుట్టి ఒక విద్వాంసుడు మనుష్యుని చేయును.  ఆ వికారప్రాణి తప్పించుకొని ఒక చెరువు గట్టున చిన్నపిల్లను కలిసికొనును. ఆ పిల్ల దానిని చూచి భయపడదు. చేతికి పూలు ఇచ్చి, నీటిమీద తేలవేసి ఆడుదమనును. పూలు అయిపోయినప్పుడు, పిల్లయు పూవువలెనే తేలుననుకొని అది ఆమెను నీటిలో వేయును. పిల్ల మునిగిపోవును, ఆ ప్రాణి దిక్కు తోచక పారిపోవును. కొన్ని రాష్ట్రముల సెన్సారువారు ఇది చూడరానిదని, పిల్లవైపు చేతులు చాచిన క్షణముననే చిత్రమును కత్తిరించిరి. దానివలన ఏమి జరిగెను? దాని అమాయకత్వము ప్రేక్షకునికి కనబడకపోయెను. చేతులు చాచుట, తరువాత తండ్రి చేతులలో పిల్ల శవము. మధ్య జరిగినది ఎవరి మనస్సుకు తోచినట్లు వారు ఊహించుకొనిరి, ఉన్నదానికంటె ఘోరముగా ఊహించుకొనిరి. మేలు కోరి కత్తెర పట్టినవారే వికారమైనవానిని రాక్షసునిగా చేసిరి. చాలా యేండ్ల తరువాత ఆ ముక్క మరల చేర్చబడినది. చివరకు ఊరివారు కాగడాలు పట్టి, కుక్కలను తోలి, దానిని ఒక గాలిమరలోనికి తరిమి నిప్పంటింతురు. ఆ చిత్రము చూచి లేచినవాడు ఆ వికారముఖమునకు జడియునా, కాగడాల గుంపునకు జడియునా? నాకు గుంపే భయంకరముగా తోచినది.

1968లో జార్జి రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఇంకొకటి. చచ్చినవారు లేచి బ్రదికినవారిని తినుట దాని కథ. పిల్లలు చూడదగినది కాదు, పెద్దలలోను అనేకులకు సరిపడదు. ఒక పొలము ఇంటిలో చిక్కుకొనిన కొందరిని రాత్రియంతయు కాపాడ చూచువాడు ఒక నీగ్రోజాతి యువకుడు; ఆ పాత్రను డ్వేన్ జోన్సు ధరించెను. తెల్లవారునప్పటికి అతడొక్కడే మిగులును. సహాయమునకు వచ్చిన తుపాకుల గుంపు కిటికీలో కదలిక చూచి, పిశాచమనుకొని అతనిని కాల్చివేయును. ఆ సంవత్సరము ఏప్రిల్ 4న డాక్టరు మార్టిన్ లూథర్ కింగ్ కాల్చి చంపబడెను. చిత్రము అక్టోబరులో వచ్చెను. చూచినవారికి బోధకుడెవడును విడదీసి చెప్ప నక్కరలేకపోయెను. ఇట్టి చిత్రములు భయమును మన పొరుగువానిమీదికి తోలక, మన చేతిలోని తుపాకివైపునకు త్రిప్పుచున్నవి.

అన్నియు ఇట్టివి కావు. ముసలిది, ఒంటరిది, గొణుగుకొనునది అయిన స్త్రీ మంత్రగత్తె అని నిశ్చయముగా చూపు చిత్రములు లెక్కలేనన్ని. హాలోవీన్ నాడు పిల్లలు వేయు వేషములలోను ఆమె వేషము ముఖ్యమైనది: కొన టోపీ, చీపురు, వంకర ముక్కు. ఈ వేషము వెనుక ఉన్న నిజమైన స్త్రీలను చూడవలెనంటే అమెరికాలోనే మస్సాచుసెట్సు రాష్ట్రపు సేలము పట్టణమునకు పోవలెను.

1692వ సంవత్సరము. శామ్యూల్ ప్యారిస్ అను పాదిరిగారి యింట తొమ్మిది, పదకొండు యేండ్ల బాలికలిద్దరు వంకరలు పోవుచు కేకలు వేయసాగిరి. ఎవరు చేసిరని పెద్దలు గుచ్చి గుచ్చి అడిగిరి. మొదట పట్టుబడినవారు ముగ్గురు. ఒకతె టిటుబా, పాదిరిగారి యింట బానిస. రెండవది శారా గుడ్, ఇంటింట బిచ్చమెత్తుకొనునది. పెట్టనివారి గుమ్మము దిగుచు ఏదో గొణుగుకొనునది. మూడవది శారా ఆస్బర్న్, రోగియై చాలాకాలముగా గుడికి రానిది. చూచితిరా? గుంపు మొదట పట్టుకొనినది ఎవరును మాటసాయము రానివారిని. శారా గుడ్డు కూతురు, నాలుగైదేండ్ల పసిది, చెరసాలలో వేయబడెను. తరువాత మంటలు పెద్దయిండ్లకును అంటుకొనెను. రెబెక్కా నర్సు డెబ్బదియొక్క యేండ్ల వృద్ధురాలు, సంఘములో మంచి పేరు గల భక్తురాలు. పంచాయతీదారులు మొదట నిర్దోషియనిరి. జనుల అల్లరివిని మరల ఆలోచించి దోషియనిరి. జూలై 19న ఆమెను ఉరితీసిరి. మొత్తము పందొమ్మిదిమంది ఉరితీయబడిరి. ఒక వృద్ధుడు రాళ్ల బరువుక్రింద నలిగి చచ్చెను. మరికొందరు చెరలోనే చనిపోయిరి. సాక్ష్యమేమి? నిందితురాలి ఆకారము రాత్రి నా యొద్దకు వచ్చి నన్ను గిల్లినది అనుట. ఇతరులెవరికిని కనబడని ఆకారము! దానిని న్యాయస్థానము సాక్ష్యముగా పుచ్చుకొనెను. వీరందరు బైబిలు చదువువారు, కుటుంబప్రార్థన చేయువారు. వారు సినిమా చూచి చెడిపోలేదు. సినిమా అప్పటికి లేదు. వారి సొంత భయమే వారికి తెరయై నిలిచెను.

అయిదేండ్లకు, 1697 జనవరిలో, తీర్పు చెప్పిన న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సూవల్ బోస్టనులోని తన గుడిలో లేచి నిలువబడగా, అతడు వ్రాసియిచ్చిన ఒప్పుకోలును పాదిరి చదివెను. 1706లో ఆన్ పట్నమ్, బాల్యమున అనేకులమీద సాక్ష్యము చెప్పినది, అట్లే సంఘముముందు నిలిచి నిర్దోషుల రక్తము విషయమై క్షమాపణ వేడెను. రెబెక్కా నర్సును వెలివేసిన సంఘము 1712లో ఆ వెలిని రద్దు చేసెను. ఆ నాటి నిందితులలో చివరగా మిగిలిన ఎలిజబెతు జాన్సను అను స్త్రీ పేరు రాష్ట్ర శాసనసభవారి చేత 2022లో మాత్రమే నిర్దోషుల పట్టీకెక్కెను.

ఇప్పుడు ఆ సేలము పట్టణమే హాలోవీన్ యాత్రాస్థలము. ప్రతి అక్టోబరులో లక్షలమంది కొన టోపీలు పెట్టుకొని వచ్చెదరు. ఊరి పోలీసుల బిళ్లమీద చీపురునెక్కిన మంత్రగత్తె బొమ్మ యున్నది. చంపబడిన ఇరువదిమందిలో ఒకరును మంత్రగత్తె కాదని ఆ పోలీసులకును తెలియును. 1992లో మృతుల పేర ఒక జ్ఞాపకస్థలమును కట్టిరి. రాతిబల్లలమీద ఒక్కొక్కరి పేరు చెక్కిరి. దాని ప్రక్కనుండియే వేషగాండ్ర గుంపులు నడచిపోవును. నేను ఆ జనులను దుష్టులనను. అక్కడ ఎవరును ఇప్పుడు ఎవరినిని మంత్రగత్తెయని చంపరు. ఆ భయము చచ్చినది గనుక దాని తోలు కప్పుకొని ఆడుచున్నారు.

మన దేశమున ఆ భయము చావలేదు. ఇదే మొదట మనస్సున ఉంచుకొనుమని కోరిన భేదము. కోస్తాలో చిల్లంగి అందురు, తెలంగాణములో బాణామతి, చేతబడి అందురు. పసిబిడ్డకు జ్వరము తగ్గకపోయిన, ఎద్దు చచ్చిన, ఎవరో చేసిరని చూపు ఒక ఇంటివైపు తిరుగును. ఆ యిల్లు ప్రాయికముగా వితంతువుది, బీదవానిది. అట్టివారిని కొట్టి, పండ్లూడగొట్టి, సజీవముగా దహించిన వార్తలు మన పత్రికలలో వచ్చుచునే యున్నవి. దేశములోని హత్యలకు కారణములు లెక్కించు ప్రభుత్వపు పట్టికలో మంత్రవిద్య అనుమానము నేటికిని ఒక ప్రత్యేకమైన వరుసగా నిలిచియున్నది. ఝార్ఖండులో 2001లోను, అస్సాములో 2015లోను దీనికై ప్రత్యేక శాసనములు చేయవలసివచ్చెను.

అమెరికాలో నవ్వుకొనుచు చూచిన సినిమాను కుమారుడు పల్లెకు పంపినప్పుడు, అది మారకయే వచ్చును గాని చేరిన యిల్లు వేరు. ఆ యింటి ఎదుట ఊరందరు అనుమానించు ముసలమ్మ యొకతె కాపురముండవచ్చును. 2023లో మన తెలుగులోనే 'విరూపాక్ష' అను చిత్రము వచ్చి జనాదరణ పొందెను. ఊరివారు మంత్రగాండ్రని ఒక దంపతులను దహించుటతో అది మొదలగును. చూచి మన గుండె తరుగుకొనిపోవును, మంచిదే. కాని తరువాతి కథ మంత్రశక్తి నిజముగనే ఊరిని చంపుచున్నట్లు నడచును. దహించినవారి భయమే సరియైనదన్నమాట! విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములో పౌలు, తెలిసినవానికి అది ఏమియు కాకపోయినను బలహీనుడైన సహోదరుని మనస్సాక్షిని తలంచుకొనుమనెను. ఇక్కడ నష్టపోవునది మనస్సాక్షి మాత్రమే కాదు, ఎదురింటి మనిషి ప్రాణము.

దయ్యము పట్టుటను గూర్చిన చిత్రములకు వచ్చినప్పుడు నా కలము బరువెక్కుచున్నది. 1973లో వచ్చిన 'ది ఎగ్జార్సిస్ట్' వాటిలో ప్రసిద్ధమైనది. దాని కథ వ్రాసిన విలియం పీటర్ బ్లాటీ కథోలికుడు. తన కథ విశ్వాసమును బలపరచవలెనని ఉద్దేశించెను. అందులో తల్లి మొదట బిడ్డను వైద్యులయొద్దకే తీసికొనిపోవును, చివరకు ఒక పాదిరి ఆ బిడ్డకై తన ప్రాణము పెట్టును. కాని చూచివచ్చినవారిని అడుగుడు: వారికి జ్ఞాపకమున్నది వెనుకకు తిరిగిన మెడయే.

2005లో వచ్చిన 'ది ఎగ్జార్సిజమ్ ఆఫ్ ఎమిలీ రోజ్' అను చిత్రమునకు ఆధారము ఒక యథార్థ మరణము. జర్మనీ దేశపు బవేరియా ప్రాంతములో క్లింగెన్‌బర్గ్ అను చిన్న ఊరు కలదు. అక్కడ భక్తిగల కుటుంబములో పెరిగిన ఆన్నెలీసె మిషెల్ అను బాలికకు పదునారేండ్లప్పుడు మూర్ఛ వచ్చెను. వైద్యులు మందులిచ్చిరి. తరువాత ఆమెకు వికారమైన ముఖములు కనబడసాగెను, స్వరములు వినబడసాగెను. మందులవలన తగ్గలేదని కుటుంబము వైద్యులపై నమ్మిక విడిచెను. 1975 సెప్టెంబరులో బిషప్పుగారి అనుమతితో ఇద్దరు పాదిరులు దయ్యము వెళ్లగొట్టు ప్రార్థనలు ఆరంభించిరి. పది నెలలలో 67 సార్లు చేసిరి. ఆమె తిండి మానివేసెను. చివరి దినములలో వైద్యుని ఎవరును పిలువలేదు. 1976 జూలై 1న ఆమె ఆకలితో కృశించి చనిపోయెను. అప్పటికి ఇరువదిమూడేండ్లు, బరువు సుమారు 30 కిలోలు. 1978లో న్యాయస్థానము తలిదండ్రులను, పాదిరులిద్దరిని నిర్లక్ష్యముచేత ఆమె మరణమునకు కారకులని తీర్పు చెప్పెను. సినిమాలో కథను అమెరికాకు మార్చిరి. పిల్ల వంకరపోయిన చేతులు, చీకటి గది, అరుపులు చూపిరి. 30 కిలోల బరువు తెరమీద భయము పుట్టించదు.

దురాత్మలు లేవని నేను వ్రాయుట లేదు. ప్రభువు వాటిని వెళ్లగొట్టెను. దానిని సువార్తలనుండి కత్తిరించుటకు నాకు కత్తెర లేదు. కాని మూర్ఛరోగులు ప్రపంచములో సుమారు 5 కోట్లమంది ఉన్నారనియు, సరియైన మందులు దొరికినయెడల వారిలో నూటికి డెబ్బదిమంది మూర్ఛలు లేక బ్రదుకగలరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ మాత్రలు మాన్పించి, ప్రార్థన కూటములో జుట్టు పట్టి ఊపు బోధకులు మన ప్రాంతములలోను ఉన్నారు. వారిలో కొందరి కేకలు, అభినయము ఎక్కడ నేర్చుకొనిరో ఈ సినిమాలు చూచినవారు సులువుగా పోల్చగలరు.

మార్కు సువార్త 5వ అధ్యాయములో గెరాసేనుల దేశపు మనుష్యుని చూడుడు. సమాధులలో కాపురము, తెగిన సంకెళ్లు, రాళ్లతో కోసికొనిన దేహము, రాత్రింబగళ్ల కేకలు. సినిమా తీయువానికి కావలసినదంతయు అక్కడ ఉన్నది, అతడు అక్కడనే కెమెరా పెట్టును. సువార్తికుడు అక్కడ నిలువలేదు. ప్రభువు ఆ మనిషి పేరడిగెను. ఊరివారు వచ్చి చూచునప్పటికి అతడు బట్టలు కట్టుకొని, బుద్ధి కుదిరి, కూర్చుండియుండెను. అప్పుడే వారు భయపడిరని వ్రాయబడియున్నది. అతడు అరచుచున్నన్నాళ్లు ఊరు అలవాటు పడియుండెను. అతడు మనిషియై కూర్చుండుటయే వారికి సహింపరానిదాయెను. ఎంత విచిత్రమైన భయము! ఏ హాలీవుడ్ కంపెనీయు దానిని తీయలేదు.

తలిదండ్రులకు ఒకటి రెండు మాటలు చెప్పుట నా విధి. 2024నుండి మన దేశములో సినిమాలకు వయస్సునుబట్టి ఏడు, పదమూడు, పదునారు యేండ్ల గుర్తులు ఇచ్చుచున్నారు. పెద్దలకు మాత్రమే అను 'ఎ' గుర్తు పూర్వమునుండి యున్నదే. వాటిని చూచి ఎంచుకొనుడు. ఫోనులో తుంటలుగా వచ్చువాటికి మాత్రము ఏ గుర్తును లేదు. అక్కడ కావలి మీరే. పిల్లవాడు చూడనే చూచినయెడల కొట్టవద్దు, నవ్వవద్దు. ప్రక్కన పరుండి, ఏది చూచి జడిసితివని అడుగుడు. అమెరికాలోని కుమారుడు ఏ సినిమా చూడవచ్చునని అడిగినయెడల, నీ తల్లి ప్రక్కన కూర్చుండి చూడగలిగినది చూడుమని చెప్పువారున్నారు. నేనైతే ఇంకొకటి అడుగుమందును: ఆ కథలో దయ్యమని చూపబడిన మనిషి మన వీధిలో ఎవరిని పోలియున్నది?

సమూయేలు మొదటి గ్రంథము 28వ అధ్యాయములోని ఏన్దోరు స్త్రీని చిత్రకారులు శతాబ్దములుగా భయంకరముగా చిత్రించుచు వచ్చిరి. ఆమె వృత్తిని ధర్మశాస్త్రము నిషేధించినది. దానిని నేను సమర్థింపను. కాని ఆ అధ్యాయమును చివరివరకు చదువువారు అరుదు. సౌలు అట్టివారిని దేశములో లేకుండ చేసిన రాజు. ఆ రాత్రి మారువేషము వేసికొని ఆమె గుమ్మము తొక్కెను. వచ్చినవాడు రాజని తెలిసికొని మొదట కేక వేసినది ఆమెయే, ప్రాణభయము ఆమెది. సమూయేలు మాటలు విని రాజు నేలను సాగిలపడెను. పగలు రాత్రి అతడేమియు తినలేదు. అప్పుడామె దగ్గరకు వచ్చి, అతని కలవరము చూచి, కొంచెము తిని బలము తెచ్చుకొనుమని బ్రతిమాలెను. అతడు ఒప్పుకొనలేదు. ఆమె పట్టు విడువలేదు. ఇంటనున్న క్రొవ్విన దూడను త్వరగా కోసి వండి, పిండి పిసికి, పులియని రొట్టెలు కాల్చి, తన్నువంటివారిని చంపించిన వానియెదుట పెట్టెను. రాజును అతని ఇద్దరు సేవకులును ఆ యింట భోజనముచేసి, ఇంకను చీకటి యుండగనే బయలుదేరిరి.